అప్‌డేట్: నాన్నకి ఫిట్ టెస్ట్ పాజిటివ్ - కొలనోస్కోపీలో ఏం తేలిందంటే

నాన్నకి (58) మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ టెస్ట్ పాజిటివ్ వచ్చిందని, మొలల వల్లే అనుకుని మళ్లీ అదే టెస్ట్ చేయించాలా అని అడిగాను. "రెండోసారి నెగటివ్ వచ్చినా మొదటిది కొట్టేసినట్టు కాదు, నేరుగా కొలనోస్కోపీకి వెళ్లండి" అన్నవాళ్లకి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే ఆ పరీక్షే చేయించాం.

పెద్దపేగులో 12 మిల్లీమీటర్ల పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే కండ) కనపడింది, అక్కడికక్కడే తీసేశారు. బయాప్సీలో అడినోమా అని వచ్చింది. క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే ఏళ్లమీద అటు మారగల రకం. ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మళ్లీ మూడేళ్లకి చూపించుకోమన్నారు.

మొలలు ఉన్న మాట నిజమే, కానీ వాటి మీదకి నెట్టేసి ఊరుకుని ఉంటే ఈ పాలిప్ అలాగే ఉండిపోయేది. ముందురోజు మాంసం తిన్నాడని నేను పడ్డ అనుమానం కూడా ఉత్తదే. ఫిట్ మనిషి రక్తాన్నే పడుతుందట, తిండితో సంబంధం లేదు.

పేగు శుభ్రం చేసే మందు సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు పొద్దున తాగించారు. కష్టమంతా అదే. పరీక్ష మత్తులో అయిపోయింది.

పాలిప్ 10 మిల్లీమీటర్లు దాటింది కాబట్టి నన్నూ, చెల్లినీ 40 ఏళ్లకే స్క్రీనింగ్ మొదలుపెట్టమన్నారు.