సాంకో గాడిద ఎక్కడికి పోయిందండీ?

సెర్వాంటెస్ రాసిన స్పానిష్ నవల ‘డాన్ కిహోటే’ ఇంగ్లీషులో చదువుతున్నాను. పాత పుస్తకాల షాపులో కొన్న కాపీ. 1605లో వచ్చిన మొదటి భాగంలో ఉన్నట్టుండి కథానాయకుడి సేవకుడు సాంకో పాంజా తన గాడిద పోయిందంటాడు. ఎలా పోయిందో ఉండదు. కొన్ని అధ్యాయాలయ్యాక చూస్తే గాడిద మళ్లీ హాజరు! పేజీలు చిరిగాయేమోనని నంబర్లు కూడా లెక్కపెట్టాను, అన్నీ ఉన్నాయి.

1615 నాటి రెండో భాగంలో ఇదే సంగతి సాంకోని అడిగితే, రాసినవాడైనా పొరబడి ఉండాలి, లేదా అచ్చువేసినవాడి తప్పయినా అయ్యుండాలి అంటాడు. నవ్వాగలేదు.

ఆ గాడిదని దొంగిలించిన ఘట్టాన్ని 1605లోనే రెండో ముద్రణలో చేర్చారట. అది కూడా ఇచ్చి, ఫుట్‌నోట్స్ బాగున్న ఇంగ్లీషు అనువాదం ఏదో చెప్తారా? పిల్లల కోసం కుదించినవి వద్దు. తెలుగులో పూర్తిగా ఎవరైనా చదివుంటే అదీ చెప్పండి, ప్లీజ్.