ముందు మాడ్యూల్స్ చూడకుండా వచ్చినవాళ్ళని వర్క్‌షాప్‌లోకి రానివ్వాలా, వద్దా?

మాడ్యూల్_మేస్త్రి

కొత్తగా సూపర్‌వైజర్లయినవాళ్ళ కోసం ఒక బ్లెండెడ్ ప్రోగ్రాం తయారుచేశాను. థియరీ అంతా ముందే ఆన్‌లైన్‌లో పెట్టాను, ఆరు మాడ్యూల్స్, కలిపి మూడున్నర గంటలు. ఆ తర్వాత ఒక రోజు హాల్లో వర్క్‌షాప్, అక్కడ ఉపన్యాసం ఉండదు, ప్రాక్టీసే. పని సరిగా చేయని మనిషిని కూర్చోబెట్టి మాట్లాడటం ఎలా అన్నది విషయం.

మొదటి బ్యాచ్‌లో 24 మంది. హాల్లోకి వచ్చేసరికి ఆరు మాడ్యూల్స్ పూర్తి చేసినవాళ్ళు 9 మంది. ఆ తొమ్మిదిలోనూ ఇద్దరు 35 నిమిషాల మాడ్యూల్‌ని 4 నిమిషాల్లో ముగించారని రిపోర్టు చెప్తోంది, అంటే నెక్స్ట్ నొక్కుకుంటూ పోయారన్నమాట. ఇంక చేసేదేముంది, పొద్దున్నే గంటా నలభై నిమిషాలు స్లైడ్లు వేసి అదే మళ్ళీ చెప్పాను. బుద్ధిగా చూసొచ్చిన ఏడుగురి మొహాలు చూడలేకపోయాను. బ్రేక్‌లో ఒకాయన మెల్లగా దగ్గరికొచ్చి "ఇదంతా మళ్ళీ చెప్పేటట్టయితే సెలవు రోజు నేనెందుకు కూర్చున్నానండీ" అన్నాడు. సమాధానం లేదు నా దగ్గర. సాయంత్రం రోల్‌ప్లేలకి మిగిలింది నలభై నిమిషాలు, అందులో నోరు విప్పినవాళ్ళు ఆరుగురు.

వచ్చే బ్యాచ్ నుంచి పూర్తి చేయనివాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేయమంటున్నారు మా పైవాళ్ళు. నాకూ సగం మనసు అటే ఉంది. మీరేమంటారు?

హాల్లో_ఇరవయ్యేళ్ళు

ఆపేయండి. సగం మనసు కాదు, పూర్తి మనసుతో.

ఆ గంటా నలభై నిమిషాల్లో మీరు వాళ్ళకి నేర్పింది ఒకటే, ముందు చూడనక్కర్లేదని. ఆ కబురు ఈపాటికి రెండో బ్యాచ్‌కి చేరిపోయి ఉంటుంది. ఈసారి తొమ్మిది కాదు, నలుగురు చూసొస్తారు, ఆ పై బ్యాచ్‌కి ఎవరూ చూడరు, అప్పుడు మీ బ్లెండెడ్ ప్రోగ్రాం మామూలు ఒకరోజు క్లాసు అయిపోయి పక్కన ఎవరూ తెరవని ఆరు వీడియోలు మిగులుతాయి. నా సర్వీసులో ఇలా పోయినవి నాలుగైదు చూశాను. ప్రతిసారీ పాడుచేసింది ట్రైనర్ జాలిగుణమే. నాది కూడా కలుపుకునే చెప్తున్నా.

నైట్‌షిఫ్ట్_సూపర్

గుమ్మం దగ్గర ఆపేసిన మనిషిని నేనే, వేరే చోట, రెండేళ్ళ కిందట. కాబట్టి ఆ గుమ్మం ఇవతల నుంచి కూడా వినండి.

లింకు మెయిల్‌లో వచ్చింది. ఆఫీసు నెట్‌వర్క్‌లో తప్ప తెరుచుకోదు. మా క్యాబిన్‌లో సిస్టమ్ ఒకటి, దాన్ని వాడేవాళ్ళం నలుగురం, స్పీకర్ లేదు. రాత్రి రెండున్నరకి లైన్ కాస్త సర్దుకున్నాక కూర్చునేవాణ్ణి, పది నిమిషాలు గడవకముందే ఎవరో ఒకరు పిలిచేవాళ్ళు, తిరిగొచ్చేసరికి లాగౌట్ అయి మళ్ళీ మొదటి స్లైడ్ కనిపించేది. నాలుగు మాడ్యూల్స్ అలా అయ్యాయి, రెండు మిగిలాయి. వర్క్‌షాప్ రోజు డ్యూటీ దిగి నేరుగా హాలుకి వెళ్తే లిస్టులో టిక్ లేదని పంపేశారు. పైగా మా మేనేజర్‌కి మెయిల్, ‘ట్రైనింగ్ పట్ల ఆసక్తి లేదు’ అని.

మేస్త్రిగారూ, మూడున్నర గంటలు ఇంటూ 24 మంది అంటే 84 గంటలు. ఆ 84 గంటలు ఎవరి ఖాతాలోంచి తీశారు? షెడ్యూల్లో చూపించారా? మీరే రాశారు, ఆయన సెలవు రోజు కూర్చున్నాడని. పని నేర్పడానికి పనిగంటలు ఇవ్వకుండా, చూసి రాలేదని తలుపేయడం ఏం న్యాయం?

హాల్లో_ఇరవయ్యేళ్ళు

మీకు జరిగింది తప్పే, అందులో వాదన లేదు. డ్యూటీ టైమ్‌లో చోటివ్వకుండా తలుపేయకూడదు, ఆ షరతు ఒప్పుకుంటున్నాను. కానీ మేస్త్రిగారి 15 మందీ నైట్‌షిఫ్ట్ వాళ్ళు కాదు కదా. టైమిచ్చినా చూడనివాళ్ళుంటారు, వాళ్ళ సంగతి?

డేటా_తిక్క

తలుపు గొడవ కాసేపు పక్కన పెట్టండి. ఆ మూడున్నర గంటల్లో ఏముందో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

బ్లెండెడ్ అనగానే అందరూ చూపించే ఆధారం ఒకటుంది, అమెరికా విద్యాశాఖ 2009లో వేసి 2010లో సవరించిన సమీక్ష. ఉత్త క్లాసు కంటే ఆన్‌లైన్, క్లాసు కలిపినచోట ఫలితాలు బాగున్నాయని అందులో ఉన్న మాట నిజమే. కానీ రాసినవాళ్ళే అక్కడే ఇంకో మాట కూడా రాశారు, కలిపి నేర్పినచోట చాలాసార్లు నేర్చుకునే సమయమూ ఎక్కువే దొరికింది, అదనపు మెటీరియలూ ఇచ్చారు, కాబట్టి ఆ తేడా మాధ్యమం వల్ల వచ్చిందనుకోవద్దని. ఈ రెండో మాట వెండర్ల స్లైడ్లలో కనబడదు, చూసుకోండి. 1983లోనే రిచర్డ్ క్లార్క్ అనే ఆయన ఈ సంగతి మీద పెద్ద దుమారం లేపాడు. సరుకులు మోసుకొచ్చిన లారీ వల్ల ఒంటికి బలం రానట్టే, పాఠం మోసుకొచ్చిన మాధ్యమం వల్ల చదువు రాదన్నది ఆయన వాదం. రాబర్ట్ కోజ్మా అనే ఇంకో పరిశోధకుడు ఒప్పుకోలేదు, ఆ వాదన ఏళ్ళతరబడి సాగింది, ఇప్పటికీ తేలినట్టు లేదు. నేనైతే ముప్పాతిక వంతు క్లార్క్ వైపే.

ఇక ‘పూర్తయింది’ అన్న టిక్ సంగతి. స్కార్మ్ (ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే ఒక ప్రామాణిక పద్ధతి) మాడ్యూల్ అయితే అది ఎల్‌ఎంఎస్‌కి, అంటే కోర్సులు నడిపి లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌కి, ‘అయింది’ అని కబురు పంపితే అయినట్టే. మనిషి కుర్చీలో ఉన్నాడా, ట్యాబ్ తెరిచిపెట్టి పనికెళ్ళాడా దానికి తెలీదు. ఆ టిక్‌ని చూసి మనిషిని లోపలికి పంపడం, బయట నిలబెట్టడం రెండూ ఒకలాంటి పొరపాట్లే. 4 నిమిషాల ఇద్దరూ మీ లెక్కలో లోపలికొస్తారు, నైట్‌షిఫ్ట్ గారు బయటుంటారు.

నన్నడిగితే వీడియోలు తీసేసి ప్రశ్నలు పెట్టండి. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఉంది కదా, ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే తిరగబడింది, రాసినవాళ్ళకి 56 శాతం గుర్తుంటే చదివినవాళ్ళకి 42. మన క్విజ్‌లన్నీ వీడియో అయిన ఐదో నిమిషంలోనే పెడతాం కాబట్టే అందరికీ అన్ని మార్కులొస్తాయి.

(ఇంకో మాట, ఈ టాపిక్‌కి సంబంధం లేదు. ‘చదివింది 10 శాతం, విన్నది 20 శాతం గుర్తుంటుంది’ అన్న పిరమిడ్ బొమ్మ మీ స్లైడ్లలో ఉంటే దయచేసి తీసేయండి. ఎడ్గార్ డేల్ 1946లో గీసిన బొమ్మలో ఆ అంకెలు లేవు, తర్వాత ఎవరో అతికించారు.)

మాడ్యూల్_మేస్త్రి

ఉందండీ ఆ బొమ్మ. రెండో మాడ్యూల్లో. తీసేస్తున్నా.

ప్లాంట్_పాతమనిషి

సేఫ్టీ ట్రైనింగ్ వైపు నుంచి నేనూ ఒక మాట. మా లాకౌట్ ట్రైనింగ్‌లో, అంటే రిపేరుకి ముందు మిషను కరెంటు ఆపి తాళం వేయడం నేర్పేదాంట్లో, తలుపు నియమం ఉంది, ఉండి తీరాలి కూడా. పద్ధతి తెలియని మనిషిని ప్యానెల్ ముందు నిలబెట్టి ప్రయోగాలు చేయలేం కదా. కానీ ఆ నియమం టిక్ మీద నడవదు.

ఎందుకో చెప్తా. ఒక కుర్రాడు, ఆన్‌లైన్ క్విజ్‌లో వందకి వంద. కరెంటు లేని డెమో ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్ళి, మోటారు రిపేరుకి సిద్ధం చెయ్యి అన్నాను. ఐసోలేటర్ (మోటారుకి కరెంటు తెంచే స్విచ్) ఆఫ్ చేశాడు, తన తాళం వేశాడు, ట్యాగ్ మీద పేరు, టైమ్ రాశాడు, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అంతా చక్కగా. వెంటనే చెయ్యి కప్లింగ్ మీద పెట్టబోయాడు. స్టార్ట్ బటన్ నొక్కి చూడలేదు! సరైన ఐసోలేటరే ఆపామా, పక్క మోటారుదా అన్నది నొక్కి చూస్తేనే కదా తెలిసేది. ఆ మెట్టు క్విజ్‌లో ఆరో ప్రశ్న, కరెక్టుగా టిక్ పెట్టాడు కూడా. చేతికి మాత్రం రాలేదు. నేను ‘ఆగు’ అనగానే తనకే అర్థమైంది, మొహం పాలిపోయింది. అప్పట్నుంచి క్విజ్ మార్కులు చూడటం మానేశాను. గుమ్మం దగ్గర ప్యానెల్ పెట్టి రెండు నిమిషాలు చేసి చూపించమంటాను. రానివాళ్ళని ఇంటికి పంపను, పక్కన ఇంకొకరి దగ్గర ముందు నేర్చుకుని రమ్మంటాను.

మీది మాట్లాడటం నేర్పే వర్క్‌షాప్. గుమ్మం దగ్గర చూడాల్సింది ఏంటో మీరు తేల్చుకోవాలి.

కొత్త_హెచ్ఆర్

అంతా బానే ఉంది కానీ ఆడిట్‌కి కంప్లీషన్ రిపోర్టు కావాలి కదండీ, ప్రశ్నలు, ప్యానెల్‌లు అంటే నేను పైకి ఏం చూపించాలి? టెన్షన్ నాకు.

డేటా_తిక్క

చట్టప్రకారం చూపించాల్సిన ట్రైనింగ్‌కి టిక్‌లు ఉంచుకోండి, ఎవరొద్దన్నారు. ఇది అది కాదు. రెండింటినీ ఒకే గాట కట్టడం వల్లే మాడ్యూల్స్ మూడున్నర గంటలకి పెరుగుతాయి.

హాల్లో_ఇరవయ్యేళ్ళు

పాతమనిషి గారి మాటతో నేను కొంత దిగాను, తలుపు కావాలి కానీ టిక్ తలుపు వద్దు, సరే. అయితే మనం ముందు సంగతే మాట్లాడుతున్నాం, తర్వాత సంగతి ఎవరూ ఎత్తలేదు. వర్క్‌షాప్ అయిన మర్నాడు మనిషి సీటుకి వెళ్తాడు, అక్కడ ఆయన మేనేజర్‌కి ఈయన ఏం నేర్చుకొచ్చాడో తెలీదు, అడగడు, పాత పద్ధతిలోనే కానిచ్చేయమంటాడు. నేర్చుకున్నది పనిలోకి దిగాలంటే మనిషి, కోర్సు, పనిచేసే చోటు మూడూ కలిసిరావాలని బాల్డ్విన్, ఫోర్డ్ అనే పరిశోధకులు 1988లోనే రాశారు. మనం మాత్రం ఆ మూడోదాన్ని వదిలేసి రోజు చివర ఫీడ్‌బ్యాక్ ఫారంలో ‘ట్రైనర్ బాగా చెప్పారు’ కి ఎన్ని స్టార్లొచ్చాయో లెక్కపెట్టుకుంటాం. నాకెప్పుడూ నాలుగున్నరకి తగ్గలేదు. పనిలో ఏం మారిందో మాత్రం ఇరవయ్యేళ్ళలో రెండుసార్లే కనుక్కున్నాను, రెండుసార్లూ తలదించుకునే వచ్చాను.

మాడ్యూల్_మేస్త్రి

రెండు రోజులు కూర్చుని మార్చాను. చీల్చి చెండాడండి.

మూడున్నర గంటల్లోంచి వర్క్‌షాప్‌లో వాడేదే ఉంచుదామని చూస్తే మిగిలింది 25 నిమిషాలు. సిగ్గేసింది, మిగతాదంతా నాకు ఇష్టమైన స్లైడ్లు. అది ఫోన్‌లో తెరుచుకుంటుంది, ఆపినచోట నుంచి మళ్ళీ మొదలవుతుంది. డ్యూటీలోనే చూడాలి, రోస్టర్‌లో రాయించాను.

చివర క్విజ్ లేదు. ఒక పని ఉంది. మీ కింద పనిచేసేవాళ్ళలో ఒకరిని పేరు లేకుండా ఊహించుకుని, వాళ్ళతో మాట్లాడాల్సివస్తే మొదటి రెండు వాక్యాలు ఏమంటారో ఒక కాగితం మీద రాసి తేవాలి. పాత బ్యాచ్‌లో నలుగురి దగ్గర ముందే రాయించి చూశాను. ముగ్గురు ‘ఈ మధ్య నీ పని బాగుండట్లేదు’ లాంటిదే రాశారు. నాలుగో ఆవిడ ‘ఈ వారంలో మూడు రోజులు రీడింగుల రిజిస్టరు ఖాళీగా ఉంది, ఏమైంది?’ అని రాసింది. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, ఏది విన్న మనిషి జవాబు చెప్తాడు, ఏది విన్న మనిషి గొడవకి దిగుతాడు అని అడిగితే చాలు, నా ఆరు మాడ్యూల్స్‌లో ఉన్నది అరగంటలో వాళ్ళ నోటినుంచే వచ్చేస్తుంది.

కాగితం లేకుండా వచ్చినవాళ్ళు గుమ్మం పక్క బల్ల దగ్గర పదిహేను నిమిషాలు కూర్చుని రాసి లోపలికి రావాలి. లోపల మొదలైపోతుంది, వాళ్ళ కోసం ఆగను, మళ్ళీ చెప్పను.

మిగిలిన టైమ్‌లో కొంత తర్వాతకి జరిపాను. రెండు వారాలకోసారి, ఆరు వారాలకోసారి ఇరవై నిమిషాల కాల్, ‘ఎవరితో మాట్లాడారు, మొదటి వాక్యం ఏమన్నారు’ అని అడగడానికి. మేనేజర్లకి కూడా అదే ఒక్క ప్రశ్న పంపిస్తున్నా.

హాల్లో_ఇరవయ్యేళ్ళు

బల్ల దగ్గర పదిహేను నిమిషాలు అంటే మూడో బ్యాచ్‌కి అందరూ ఆ బల్ల దగ్గరే ఉంటారు, రాసిపెట్టుకోండి. నేనైతే దాన్ని కూడా ఒప్పుకోను.

ప్లాంట్_పాతమనిషి

ఉండనివ్వండి, రాస్తున్నారు కదా. వీడియో ఎగ్గొట్టినవాడు ఏమీ చేయకుండా వచ్చేవాడు, వీడు కనీసం రాసి వస్తున్నాడు.

డేటా_తిక్క

"రెండు వారాలకోసారి" అంటే ప్రతి రెండు వారాలకీ అని చదువుకుంటారు, ‘రెండు వారాల తర్వాత ఒకటి, ఆరు వారాల తర్వాత ఒకటి’ అని మార్చండి. మిగతాదంతా నాకు నచ్చింది. ఆ కాల్స్‌లో మీరు మళ్ళీ పాఠం మొదలుపెట్టకండి, అడిగి ఊరుకోండి.

నైట్‌షిఫ్ట్_సూపర్

రోస్టర్‌లో రాయించానన్నారు, సంతోషం. ఆ 25 నిమిషాలు లైన్ ఎవరు చూస్తారో కూడా రాయించారా? అది లేకపోతే రోస్టర్‌లో గడి నిండుతుంది, మనిషి మాత్రం లైన్ దగ్గరే ఉంటాడు.

మాడ్యూల్_మేస్త్రి

పగటి షిఫ్టులకి రాయించాను. రాత్రికి మనిషి లేడన్నారు. రేపు మళ్ళీ అడుగుతాను.