మాలలో ఉన్నన్నాళ్లు చుక్క ముట్టడు, తీయగానే మళ్లీ మొదలు

మాది కావలి దగ్గర పల్లె. మా తమ్ముడు రోజూ తాగుతాడు. మూడేళ్లుగా అయ్యప్ప మాల వేస్తున్నాడు, ఆ 41 రోజులు వేరే మనిషి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, ఇంట్లో అందరినీ స్వామీ అని పిలవడం, అప్పుడు మా అమ్మ ముఖం చూడాలి. ఈసారి మాల తీసిన రెండో రోజే మోటారు షెడ్డు వెనక క్వార్టర్ సీసా దొరికింది. వాడి భక్తి దొంగ భక్తి కాదు, నాకు తెలుసు. మరి ఎందుకు నిలవడం లేదు? పెంచలకోన తీసుకెళ్లి నరసింహస్వామి ముందు ఒట్టు వేయించమంటున్నారు, పనిచేస్తుందా?

కందుకూరు నుంచి:
అక్కా, నేనూ నాలుగుసార్లు మాల వేసి మళ్లీ తాగినవాణ్ణే. మాలలో ఉంటే సాయంత్రం ఆరింటికి పీఠానికి వెళ్లాలి, భజన, గురుస్వామి పలకరింపు, తాగే టైమంతా వాటితోనే గడిచిపోతుంది, తీశాక ఆ ఆరు గంటలకి ఎక్కడికి పోవాలో తెలియదు. నన్ను నిలబెట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునేవి. 1935లో అమెరికాలో తాగుడుతో నలిగిన ఇద్దరు మొదలుపెట్టారు. అక్కడా దేవుడి మాట ఉంటుంది, కానీ ఎవరి దేవుడు వాళ్లకి, నా పక్కన కూర్చునేది చర్చికి వెళ్లే అన్న. జన్మలో తాగను అని ఒట్టు పెట్టించరు, ఈ ఒక్క రోజు తాగకు అంటారు, అంతే.

ఒంగోలు, నర్సుని:
ఒట్టు సంగతి తర్వాత చూడండమ్మా. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి లేనివి కనిపించి కేకలు పెడతారు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. గాలి సోకిందని గుడికీ దర్గాకీ తిప్పి ఆలస్యంగా తెచ్చేవాళ్లని చూస్తుంటాను, కడుపు తరుక్కుపోతుంది. ముందు డాక్టరు, తర్వాత ఏ దేవుడికైనా మొక్కుకోండి. అతనికి తెలియకుండా తాగుడు మాన్పించే మాత్రలు మాత్రం అన్నంలో కలపకండి, దాని మీద తాగితే చాలా ప్రమాదం. తాగుడు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితం.

దూబగుంట దగ్గర నుంచి:
1992లో మా వైపు ఆడవాళ్లంతా ఒక్కటై సారా మీద తిరగబడ్డారు. ఎవరింట్లో వాళ్లు మొక్కుకుంటూ ఉంటే అది అయ్యేది కాదు. మీ తమ్ముణ్ణి కూడా ఒంటరిగా వదలొద్దు.

అడిగినామె:
మాల వేసిన మొదటి మూడు రోజులు చేతులు వణికి దీపం వత్తి వెలిగించలేకపోయేవాడు, చలికేమో అనుకున్నాం. సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. గురుస్వామినీ అడుగుతా, మాల లేకపోయినా సాయంత్రం పీఠానికి రానివ్వమని.