పాప రూర్కెలా వెళ్లాక ఇంట్లో నాకేటీ తోచట్లేదు, మీరంతా ఎలగ నెట్టుకొచ్చారు?

పర్లా_అమ్మ:

అందరికీ నమస్తే అండి. మాది ఒడిశాలో పర్లాకిమిడి, గజపతి జిల్లా. నేను టెక్కలి నుంచి కోడలిగా వచ్చాను. మావారికి కిరాణా కొట్టు, పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం భోజనానికొచ్చి మళ్లీ రాత్రికే. ఒక్కతే పాప. ఈ ఆగస్టులో రూర్కెలా ఎన్ఐటీలో జాయిన్ చేసి వచ్చాం. ర్యాంకు మరీ గొప్పదేం కాదు గానీ ప్లస్ టూ ఇక్కడే చదివింది కాబట్టి ఒడిశా హోం స్టేట్ కోటాలో సీటొచ్చింది (వైజాగ్‌లో ఇంటర్ చదివించు అని మా అన్నయ్యలు ఎంత పోరు పెట్టారో, పన్నెండో క్లాసు ఏ రాష్ట్రంలో పాసైతే ఆ రాష్ట్రమే లెక్క కదా, పంపకపోవడమే కలిసొచ్చింది). అందరూ అదృష్టం అంటున్నారు, నేనూ కాదనను.

ఏడుపు సంగతి కాదండి, అది మొదట్లో అయిపోయింది. ఇప్పుడొచ్చిన ఇబ్బంది వేరే. నాకు ఒడియా మాట్లాడ్డం బజారు వరకు వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు అంతంత మాత్రం. మున్సిపాలిటీ కాగితం వచ్చినా, బ్యాంకు మెసేజీ వచ్చినా, రేషన్ కార్డు ఈకేవైసీ అన్నా, సుభద్ర (ఒడిశాలో ఆడవాళ్లకి డబ్బులిచ్చే గవర్నమెంటు పథకం) ఫారం నింపి ఫోన్లో నా మొహం చూపించాలన్నా అన్నీ పాపే. డాక్టరు దగ్గర కూర్చుంటే నా నొప్పి ఒడియాలో అదే చెప్పేది, ఆయన చెప్పింది తెలుగులో నాకు చెప్పేది, ఎనిమిదో క్లాసు నుంచీ ఇదే వరస. ఇప్పుడు ఎవరైనా కాగితం పట్టుకుని గేటు దగ్గర నిలబడితే నాకు గుండె దడ. రాఖీ పున్నానికి పడాల్సిన సుభద్ర 5,000 పడ్డాయో లేదో కూడా పాపకి ఫోన్ చేసి ఓటీపీ చెప్పి చూసుకున్నాను, అది ల్యాబ్‌లో ఉందట, మెల్లిగా విసుక్కుంది. విసుక్కున్నందుకు కాదు గానీ ఆ తర్వాత నాలుగైదు సార్లు ఫోన్ చేద్దామనుకుని మానీసాను.

ఇంకోటి, నవ్వకండి. మెస్‌లో దాల్మా (ఒడియావాళ్లు కూరముక్కలేసి చేసే పప్పు) చాలా బాగుందమ్మా, నువ్వూ అలగే చెయ్యి అంది. పద్దెనిమిదేళ్లు పప్పుచారు పోసి పెంచితే దాల్మా బాగుందంట! సంతోషించాలి కదా, తిండికి ఇబ్బంది లేదని. నాకేమో ఆ పూట అన్నం దిగలేదు. రాత్రి ఒంటిగంటకి మెలకువ వస్తే వాట్సాప్‌లో లాస్ట్ సీన్ చూస్తాను, అప్పుడే ఉంటే ఇంకా పడుకోలేదేంటి అని బెంగ, లేకపోతే ఏమైందో అని బెంగ. మావారిని అడిగితే ‘అందరి పిల్లలూ వెళ్లట్లేదా’ అంటారు, అక్కడితో సరి. మీలో పిల్లల్ని పంపినవాళ్లు చెప్పండి, ఎన్నాళ్లకి సర్దుకుంటుంది?

బరంపురం_బాబాయ్:

అమ్మా, మాదీ అదే కథ, కాకపోతే మా ఇంట్లో పడిపోయింది నేను, మా ఆవిడ కాదు. అబ్బాయి బెంగళూరులో. నేను వాణ్ణి రోజూ బండి మీద ట్యూషన్‌కి దింపేవాణ్ణి, వాడెళ్లాక సాయంత్రం ఆ టైముకి కాళ్లు ఊరుకోవు, ఊరికే బండి తీసి గాంధీనగర్ వైపు ఒక చుట్టు చుట్టి వచ్చేవాణ్ణి, పెట్రోలు దండగ అని ఆవిడ తిట్టేది. మీవారు మాట్లాడట్లేదని బెంగ లేదనుకోకండి. కొట్లో కూర్చున్న మనిషి ఎవరితో చెప్తాడు? రాత్రి భోజనం దగ్గర మీరే పాప గురించి ఏదో ఒకటి ఎత్తండి, ‘నీకు బెంగగా లేదా’ అని మాత్రం అడగొద్దు, మగాళ్లు ఆ ప్రశ్నకి లేదనే అంటారు. ‘పాప పుస్తకాలు ఎక్కడ పెడదాం’ అని అడగండి, ఆయనే మొదలెడతారు.

మాకు అసలు దెబ్బ తగిలింది నవంబర్లో. మేం తెలుగువాళ్లమే అయినా మూడు తరాలుగా బరంపురంలో ఉన్నాం కదా, పక్కింటి ఒడియావాళ్లని చూసి ప్రథమాష్టమి మాకూ అలవాటైపోయింది. తెలీనివాళ్లకి చెప్తున్నా, ఒడియావాళ్ల లెక్కలో మార్గశిరంలో ఇంటికి పెద్ద బిడ్డకి చేసే పండగ, మేనమామ కొత్త బట్టలు తెస్తాడు, పిల్లాణ్ణి కూర్చోబెట్టి హారతిచ్చి, పసుపాకులో ఎండురి పిఠా ఆవిరి మీద చేసి పెడతారు. మా బావమరిది సోంపేట నుంచి ఏటా బట్టలు పట్టుకొచ్చేవాడు, ఆయనకి మొదట్లో ఇదేం పండగో అర్థమే కాలేదు. ఆ ఏడు పిల్లాడు లేడు, చెయ్యాలా మానాలా అని ఇంట్లో పెద్ద చర్చ. చివరికి బట్టలు ముందే కొరియర్ చేశాం, ఆ రోజు వీడియో కాల్‌లో వాడు చొక్కా వేసుకుని కూర్చుంటే మా ఆవిడ ఫోన్‌కే హారతిచ్చింది. వాడి రూమ్మేట్లు పంజాబీ ఒకడు, మలయాళీ ఒకడు, ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారంట, మర్నాటి నుంచి వాళ్లు మా ఆవిడని ‘ఆంటీ పిఠా ఎక్కడ’ అని అడగడం. మీది ఒక్కతే అంటే పెద్దదీ అదే కదమ్మా, మీ అన్నయ్యలకి ఇప్పటి నుంచే చెప్పి పెట్టుకోండి. చేతికి పని దొరుకుతుంది.

ప్రాణహిత_ఒడ్డు:

మాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా. మీరు ఒడియా అన్నరు, మా దగ్గర మరాఠీ, అంతే తేడా. మా పోరడు నాగ్‌పూర్ల చదువుతుండు. సాత్‌బారా అంటే మా పొలం కాగితం, దాని మీద ఏమున్నదో చదివి చెప్పుడు, తలాఠీ (ఊరి పట్వారీ) ఆఫీసుల మాట్లాడుడు అంతా వాడే చేసేటోడు, నాకు తెలుగు తప్ప చదువు రాదు. ఇప్పుడు ఏ కాగితమొచ్చినా ఫోటో కొట్టి వాట్సాప్ల పెడ్త, వాడు ఖాళీ ఉన్నప్పుడు వాయిస్ మెసేజ్ పెడ్తడు. అయిపాయె. దీనికి గింత రంది ఎందుకక్కా? ఫోన్ అయితే రోజూ చేస్త నేను, వాడు తిట్టినా చేస్త. కన్నోళ్లం, మనకు ఆ మాత్రం హక్కు లేదా?

బుర్లా_హాస్టల్:

ఆంటీ నేను పేరెంట్‌ని కాదు, గుణుపూర్ అమ్మాయిని, సంబల్‌పూర్ పక్కన బుర్లాలో థర్డ్ ఇయర్. మీ పోస్ట్ చదువుతుంటే మా అమ్మే రాసిందేమో అని ఒకటికి రెండు సార్లు పేరు చూశాను.

పైన అంకుల్ చెప్పిన ఫోటో పద్ధతి గురించి ఒక మాట, ఏమీ అనుకోకండి అంకుల్. మా ఇంట్లోనూ అలాగే నడిచింది ఫస్ట్ ఇయర్ అంతా. గ్యాస్ బుకింగ్ నేనే, అమ్మమ్మ పెన్షన్ నేనే, తమ్ముడి స్కూల్ నోటీస్ నేనే. ఎగ్జామ్ హాల్ నుంచి బయటికి వచ్చి ఫోన్ ఆన్ చేస్తే పదకొండు ఫోటోలు. పనులు చేయడం బరువని కాదు, అవన్నీ అయ్యాక అమ్మ ‘నువ్వెలా ఉన్నావ్’ అని అడిగే టైమ్‌కి నాకు మెస్ బెల్ కొట్టేసేది. వారం మొత్తం మాట్లాడుకున్నట్టే ఉంటుంది, ఏమీ మాట్లాడుకోనట్టే ఉంటుంది.

ఇంకొకటి నిజం చెప్పనా, మేం చాలా దాస్తాం. నాకు డెంగ్యూ అనుమానం వచ్చి టెస్ట్ చేయించుకుంటే ఇంట్లో చెప్పలేదు, నెగటివ్ వచ్చాక కూడా చెప్పలేదు, ఎందుకంటే అమ్మ వెంటనే ఏడుస్తుంది, నేను జ్వరంలో అమ్మని ఓదార్చాలి. మీ పాప మీకు అన్నీ చెప్పాలంటే విన్నప్పుడు కంగారు పడకుండా ‘సరే, ఏం మందు వేసుకున్నావ్’ అనండి చాలు. లాస్ట్ సీన్ మాత్రం చూడొద్దు ప్లీజ్, ఫస్ట్ ఇయర్‌లో ఒంటిగంటకి ఎవరూ పడుకోరు, అసైన్‌మెంట్లు, కబుర్లు. ర్యాగింగ్ భయం ఉంటే దానికి 2009 నుంచి యూజీసీ రూల్సే ఉన్నాయి, 1800-180-5522 హెల్ప్‌లైన్ కూడా ఉంది, నంబర్ ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేసుకోండి.

దాల్మా సంగతి, మీరు నిజంగా చేసి చూడండి ఆంటీ 😄 సెలవులకి వచ్చినప్పుడు మీ పాప అడిగేది మాత్రం పప్పుచారే. నేను బల్ల గుద్ది చెప్తాను.

రాయగడ_సిస్టర్:

నేను రిటైర్డ్ స్టాఫ్ నర్సుని అమ్మా, ఇద్దరు పిల్లల్ని పంపాను. అందరూ మనసు గురించే చెప్పారు, నేను ఒంటి గురించి చెప్తాను. అర్ధరాత్రి మెలకువలు, అన్నం దిగకపోవడం, గుండె దడ అన్నారు. మీ వయసు రాయలేదు, నలభై దాటాయనుకుంటున్నా. ఆ వయసులో నెలసరి అటూ ఇటూ అవడం మొదలవుతుంది, నిద్ర పట్టదు, ఒళ్లంతా వేడి ఆవిర్లు, ఉత్తినే కన్నీళ్లు. పిల్ల వెళ్లడమూ ఇదీ ఒకేసారి వచ్చిపడతాయి, మన ఆడవాళ్లు మొత్తం పిల్ల మీద బెంగ అనే ఖాతాలో వేసీసి డాక్టరు దగ్గరకే వెళ్లరు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీపీ, షుగరు చూపించుకోండి, దడకి రక్తం తక్కువైనా కారణమే, థైరాయిడ్ ఎక్కువైనా కారణమే.

డాక్టరు దగ్గర చెప్పలేను అంటారేమో. వెళ్లే ముందు రోజు తెలుగులోనే కాగితం మీద రాసుకోండి, ఎప్పటి నుంచి, ఏ టైముకి, ఏం తింటే ఎక్కువవుతుంది. మీవారు ఆ పూటకి కొట్టు మూసి తోడు రావాలి, ఆయనకి ఒడియా వచ్చు కదా. లేదా పక్కనే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా, తెలుగులో చెప్పుకునే డాక్టర్లు దొరుకుతారు. పర్లా వాళ్లకి ఆ సుఖం ఉంది, మా రాయగడ వాళ్లం అలాంటి పనికి పార్వతీపురం దాకా పోవాలి.

ఏ పని మీదా ఇష్టం లేకపోవడం, దిగులు, నిద్ర లేకపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే అది మామూలు బెంగ కాదు, డిప్రెషన్ కావచ్చు, అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు. టెలిమానస్ అని గవర్నమెంటు నంబరు ఉంది, 14416, పైసా ఖర్చు లేదు, ఏ టైములోనైనా చెయ్యచ్చు, తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడే పని కాదు.

పర్లా_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంతమంది రాస్తారనుకోలేదు. సిస్టర్ గారూ నాకు నలభై నాలుగు, మీరు చెప్పిన వేడి ఆవిర్లు కూడా ఉన్నాయి, ఫ్యాను గాలి చాలట్లేదు అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. ఈ వారం వెళ్తాం, మావారికి చెప్పాను, బేరాలు తక్కువుండే రోజు చూసి వస్తానన్నారు.

బుర్లా పాపా, నీ మెసేజి మావారికి కూడా చదివి వినిపించాను. ఆయన ఏటీ అనలేదు గానీ మర్నాడు కొట్టు నుంచి వస్తూ ఒడియా ఒకటో క్లాసు వాచకం పట్టుకొచ్చారు! వరస మన లాగే ఉంది, అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ, గుండ్రంగా తల మీద గొడుగు పెట్టినట్టుంటాయి అక్షరాలు. పక్కింటి మాస్టారి భార్య రోజూ సాయంత్రం కూర్చోబెడుతోంది, ఆవిడకి మన జంతికలు నేర్పుతున్నాను. నిన్న బస్సు బోర్డు మీద ‘బ్రహ్మపుర’ (మన బరంపురమే) చదివాను, బస్సు వెళ్లిపోయాక అనుకోండి. సిరోంచ అన్నయ్యా, మీరన్నట్టు రోజూ ఫోన్ చెయ్యాలనే నాకూ ఉంది, కానీ పాప ఆదివారం పొద్దున్న తీరిగ్గా చేస్తానంది, ఒప్పుకున్నాను. మిగతా రోజులు గుడ్ నైట్ మెసేజి ఒక్కటి. లాస్ట్ సీన్ ఆపేసుకోమని నేనే చెప్పాను దానికి, కనబడితే చూడకుండా ఉండలేను.

డబ్బుల మెసేజీలు ఇంకా రావట్లేదు నాకు, అంటే అర్థం కావట్లేదు. పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకే వెళ్లి ఎంట్రీ వేయించుకుంటున్నాను.

ఒక చిన్న డౌటు. దసరాకి పాప రావాలి, గుణుపూర్ రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ అయితే రూర్కెలా నుంచి తిన్నగా మా స్టేషన్‌లోనే దిగచ్చు, కానీ వెయిటింగ్ లిస్టు చూపిస్తోంది అంటున్నారు. ఏం చెయ్యాలి?

ప్రాణహిత_ఒడ్డు:

ఆదివారం దాకా ఆగుడు నాతోని కాదు అక్కా. మీ ఓపికకు దండం.

బరంపురం_బాబాయ్:

ఇప్పుడు 60 రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తున్నారమ్మా, ఇదివరకు 120 ఉండేది. పండగ టికెట్లు తెరిచిన పూటే అయిపోతాయి. రాజ్యరాణి దొరక్కపోతే ముందు భువనేశ్వర్ దాకా ఏ బండి దొరికితే అది చెయ్యండి, అక్కడి నుంచి బరంపురం రావడానికి బండ్లు బోలెడు. బరంపురంలో దిగితే పర్లాకి బస్సుంది.

బుర్లా_హాస్టల్:

తత్కాల్ చూడండి ఆంటీ, బయల్దేరే ముందు రోజు ఏసీకి పొద్దున పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి ఓపెన్ అవుతుంది. 2025 జూలై నుంచి ఐఆర్‌సీటీసీ అకౌంట్ ఆధార్‌తో వెరిఫై అయి ఉంటేనే ఆన్‌లైన్ తత్కాల్ ఇస్తున్నారు, అది ముందే చేసి పెట్టుకోవాలి. మీరు కష్టపడొద్దు, ఈ ఒక్క పనీ మీ పాపనే చేసుకోమనండి, సంబల్‌పూర్ మీద నుంచే వస్తుంది కదా, నా టికెట్ కూడా అదే బండికి ట్రై చేస్తున్నాను.