మౌయిలో కారు: వారమంతా ఎయిర్‌పోర్టు నుంచే తీసుకోవాలా?

డల్లాస్ కోడలు:
అందరికీ నమస్కారం. ఇండియా నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. వాళ్లిద్దరూ, మేమిద్దరం, ఐదేళ్ల బాబు కలిసి వచ్చే నెల హవాయీలోని మౌయి దీవికి వెళ్తున్నాం. కిహేయిలో వంటగది ఉన్న కాండో తీసుకున్నాం, బయటి తిండి అత్తయ్యగారికి పడదు. కహులుయి ఎయిర్‌పోర్టులో వారానికి కారు అద్దె చూస్తే గుండె ఆగినంత పనైంది. టాక్సీలో కాండోకి వెళ్లిపోయి, హలేయకలా అగ్నిపర్వతానికీ హానా ఊరికీ వెళ్లే రోజుల్లో మాత్రమే కారు తీసుకుందామని మా ఆయన అంటున్నారు. కౌంటర్‌లో ఇన్సూరెన్స్ అంటగడతారట, అదొక టెన్షన్. మామయ్యగారైతే "నేనూ నడుపుతా" అని ఇప్పటినుంచే సిద్ధంగా ఉన్నారు!

శాన్ హోసే బాబాయ్:
అమ్మా, పెద్దవాళ్లూ పిల్లాడూ ఉన్నప్పుడు వారమంతా కారు ఉండాల్సిందే. కిహేయి ఎయిర్‌పోర్టుకి దగ్గరే, కాదనను. కానీ సరుకులకీ, బీచ్‌కీ, పిల్లాడికి ఒంట్లో బాగోకపోతే డాక్టర్ దగ్గరికీ ప్రతిసారీ టాక్సీ పిలిచి చూడండి, మిగిలిందనుకున్న డబ్బు ఎటు పోయిందో తెలియదు. పైగా చాలా కంపెనీల కారు తీసుకోవడానికి మళ్లీ ఎయిర్‌పోర్టుకే రావాలి.

కారు ఈ రోజే బుక్ చేసెయ్యండి. ముందుగా డబ్బు కట్టక్కర్లేని, ఉచితంగా రద్దు చేసుకోగలిగిన బుకింగే తీసుకోండి. తర్వాత అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. రేటు తగ్గితే కొత్తది తీసుకుని పాతది వదిలెయ్యడమే. కాస్ట్‌కో మెంబర్‌షిప్ ఉంటే వాళ్ల ట్రావెల్ సైట్ కూడా చూడండి. మూడు వరుసల ఎస్‌యూవీ మాత్రం వద్దు. మూడో వరుస ఎత్తితే వెనక సూట్‌కేసులకు చోటుండదు. మినీవ్యాన్ దొరికితే పెద్దవాళ్లు ఎక్కడం దిగడం కూడా సులువు.

ఇన్సూరెన్స్ సంగతి తేల్చుకోవాల్సింది కౌంటర్ దగ్గర కాదు, డల్లాస్‌లోనే. రాత్రంతా నిద్రలేక, పిల్లాడు ఏడుస్తుంటే అక్కడేం చదువుతారు? మీ కారు ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి మూడే అడగండి: అద్దె కారుకి లయబిలిటీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టం) వర్తిస్తుందా, కొలిజన్ (గుద్దుకుంటే మన కారుకి జరిగే నష్టం) వర్తిస్తుందా, డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సింది) ఎంత? టెక్సాస్ పాలసీలు సాధారణంగా హవాయీలోనూ పనిచేస్తాయి, అదీ అమెరికా రాష్ట్రమే కదా. తర్వాత క్రెడిట్ కార్డు వాళ్లని అడగండి. కార్డు కవరేజీ సాధారణంగా అద్దె కారుకి జరిగిన నష్టానికే. ఎదుటివాళ్ల కారుకో మనిషికో ఏమైనా అయితే అది కట్టదు. అద్దె మొత్తం ఆ కార్డు మీదే పడాలి, అద్దె కంపెనీ వాళ్ల డ్యామేజ్ వేవర్ (కారు పాడైతే మనల్ని అడగమని డబ్బు తీసుకుని ఇచ్చే హామీ) వద్దనాలి, అప్పుడే కార్డు కవరేజీ వర్తిస్తుంది. ఆ కార్డు ఎవరి పేరున ఉందో వాళ్లే ముఖ్య డ్రైవర్‌గా సంతకం పెట్టండి.

మామయ్యగారి విషయం మీ ఇంటి రాజకీయం, నేను వేలు పెట్టను. కాంట్రాక్టులో పేరు లేని మనిషి స్టీరింగ్ పట్టుకుంటే పై కవరేజీలు గాలికి పోవచ్చని మాత్రం చెప్పండి. జీవితమంతా ఎడమవైపు నడిపినాయన హానా మలుపుల్లో కుడివైపు అలవాటు చేసుకోవడం కూడా ఎందుకు?

విజయవాడ టు వర్జీనియా:
బాబాయిగారితో ఒక్క దగ్గర విభేదిస్తాను. హానాకి మీరు నడపకండి, వ్యాన్ టూర్ తీసుకోండి. హానాకి వెళ్లే 360 హైవే మీద వందల మలుపులు, వరసగా ఒంటి లేన్ వంతెనలు. నడిపేవాళ్లకి రోడ్డు తప్ప జలపాతం కనిపించదు, వెనక సీట్లో అత్తయ్యగారికి వాంతులు గ్యారంటీ. వెళ్లి తీరాలంటే పయియాలో పెట్రోల్ నింపుకోండి, హానా వరకు మళ్లీ బంకు లేదు. వైయానపానపా నల్ల ఇసుక బీచ్‌కి బయటి రాష్ట్రాలవాళ్లు ముందే రిజర్వేషన్ చేసుకోవాలి.

హలేయకలా శిఖరం 10,023 అడుగులు. సూర్యోదయం చూడటానికి తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల మధ్య కారు లోపలికి పోవాలంటే రిజర్వేషన్ ఉండాలి. అది 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, త్వరగా అయిపోతుంది. దొరక్కపోతే సూర్యాస్తమయానికి వెళ్లండి, దానికి ఈ గొడవ లేదు. దిగేటప్పుడు లో గేర్‌లో రండి, లేకపోతే బ్రేకులు కాలిపోతాయి. పైన చలి మామూలుగా ఉండదు, చీర మీద పల్చటి శాలువా సరిపోదు.

బాబుకి బూస్టర్ సీటు (పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే కారు సీటు) ఇంటి నుంచే తెచ్చుకోండి. హవాయీలో ఆ వయసుకి చట్టప్రకారం ఉండాల్సిందే, అద్దెకి తీసుకుంటే రోజువారీ ఛార్జీ. ఎయిర్‌లైన్స్ సాధారణంగా దానికి డబ్బు తీసుకోవు.

డల్లాస్ కోడలు:
చాలా థాంక్సండీ. రద్దు చేసుకోగలిగే మినీవ్యాన్ ఇప్పుడే బుక్ చేశాను. పాలసీకి రేపు ఫోన్ చేస్తాను. హానా టూర్ అంటే మా ఆయన ముఖం మాడ్చుకున్నారు, చూడాలి. ఎయిర్‌పోర్టులో అద్దె కార్ల చోటికి ఇంత సామానుతో ఎలా వెళ్లాలి, షటిల్ బస్సా?

శాన్ హోసే బాబాయ్:
బస్సు కాదమ్మా, చిన్న ఎలక్ట్రిక్ ట్రామ్ ఉంది. నడిచైనా పోవచ్చు. పెద్దవాళ్లని బ్యాగుల దగ్గర కూర్చోబెట్టి మీ ఆయన్ని కారు తెమ్మనండి. బయల్దేరే ముందు కారు చుట్టూ తిరిగి ఫోన్‌లో వీడియో తియ్యమనండి, టైర్లూ కింది అంచులతో సహా. తిరిగిచ్చే రోజు పెట్రోల్‌కి కాస్ట్‌కో బంకు ఎయిర్‌పోర్టు పక్కనే ఉంది, క్యూ ఉంటుంది కాబట్టి కాస్త ముందే బయల్దేరండి.