పింజోర్ హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఎందుకు మూతపడింది?

తెనాలి కుర్రాడు:
మా తాతయ్య కొన్న హెచ్‌ఎంటీ 2511 ఇంకా మా చావిట్లోనే ఉంది. దమ్ముకి దింపట్లేదు గానీ ట్రక్కు లాగుతుంది. మొన్న సిమ్లా వెళ్తుంటే కాల్కా ఇవతల హర్యానాలోని పింజోర్‌లో ఆ ఫ్యాక్టరీ కనబడింది. గేటు మూసి ఉంది. అంత పేరున్న కంపెనీకి ఏమైంది? బానెట్ మీద జెటర్ అని ఎందుకుంటుంది?

పాత మెకానిక్:
జెటర్ చెకోస్లోవేకియా ట్రాక్టరు బాబూ. కేంద్ర ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఎంటీ పింజోర్‌లో 1963 నుంచి మెషిన్ టూల్స్, అంటే లోహాన్ని కోసి భాగాలు చేసే యంత్రాలు, తయారుచేసేది. 1971లో ఆ చెక్ టెక్నాలజీతో 25 హార్స్‌పవర్ ట్రాక్టరు మొదలెట్టింది. నీ 2511లో మొదటి రెండంకెలు హార్స్‌పవరే, 3511, 5911 కూడా అంతే. ఇంజన్లో ఏ సిలిండరు హెడ్డు (పైమూత) దానిదే. ఒకదాని గ్యాస్కెట్ (మూత కింది సీలు) పోతే అదొక్కటే విప్పేవాళ్లం, రెండోదాన్ని ముట్టుకునే పనే లేదు. అలాంటి బండి మీద పనిచేయడం సుఖం.

అసలు తమాషా ఇంకోటుంది. అప్పటికే దుర్గాపూర్‌లో సీఎంఈఆర్‌ఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇంజనీర్లు స్వరాజ్ పేరుతో 20 హార్స్‌పవర్ ట్రాక్టరు సొంతంగా తయారుచేశారు. కేంద్రం దాన్ని పక్కనపెట్టి జెటర్ వైపు మొగ్గింది. వాళ్లలో కొందరు ఆ బండి తయారీలో ముఖ్యుడైన ఇంజనీరు చంద్రమోహన్‌తో పాటు బయటికొచ్చారు. పంజాబ్ ప్రభుత్వం అండతో పంజాబ్ ట్రాక్టర్స్ పెట్టి 1974లో మొహాలీ నుంచి స్వరాజ్ 724 దించారు. మొహాలీ ఎక్కడో కాదు, పింజోర్ నుంచి గంట ప్రయాణం! వద్దన్న బండి ఇవాళ మహీంద్రా చేతిలో ఊరూరా తిరుగుతోంది, కావాలనుకున్నదేమో లేదు.

చండీగఢ్ తెలుగోడు:
నష్టాలు పేరుకుపోయి చివర్లో జీతాలు కూడా ఆగిపోయాయండి. 2016 అక్టోబర్లో కేంద్ర కేబినెట్ ట్రాక్టర్ల విభాగం మూసేయమంది. జీతాల బకాయిలకు, వీఆర్‌ఎస్‌కు (స్వచ్ఛంద పదవీ విరమణ) రూ.700 కోట్లకు పైగా ఇచ్చింది. హెచ్‌ఎంటీ స్థలంలో కొంత ఇప్పుడు యాపిల్ మార్కెట్‌కి పోయింది.

పాత మెకానిక్:
ప్రైవేటు వాళ్లు మండలానికో డీలర్ని పెట్టి, ఏడాదికో కొత్త మోడల్ దించుతుంటే సర్కారు కంపెనీ ఫైళ్లతో ఎంతకాలం నెగ్గుతుంది? బండిలో లోపం లేదని మాత్రం ఎక్కడైనా చెప్తాను.

ఖమ్మం రైతు:
తమ్ముడూ, ఆ 2511 అమ్ముతావా? మా బండికి హైడ్రాలిక్ పంపు కావాలి.

తెనాలి కుర్రాడు:
అడిగి చూశానన్నా. పంపు కాదు కదా, నట్టు కూడా ఇవ్వనన్నారు నాన్న.