సీఎంబీని కొలవడానికి శాటిలైట్లే ఎందుకు?

ప్రశ్న: బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలిన రేడియేషన్‌ని (సీఎంబీ, అంటే కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్) పెంజియాస్, విల్సన్ నేల మీద యాంటెన్నాతోనే పట్టుకున్నారు కదా, మరి కోబీ, డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ అంటూ ఇన్ని శాటిలైట్లు ఎందుకు పంపారు?

జవాబు 1: అది ఉందని తెలుసుకోడం వేరు, అందులో తేడాలు కొలవడం వేరండి. ఏ వైపు చూసినా దాని ఉష్ణోగ్రత దాదాపు 2.725 కెల్విన్లే (అంటే మైనస్ 270 డిగ్రీల సెల్సియస్ దగ్గర), చోటుకీ చోటుకీ తేడా లక్షలో ఒక వంతు, ఆ తేడాల నుంచే తర్వాత గెలాక్సీలు పుట్టాయి కాబట్టి అసలు సంగతంతా అక్కడే ఉంది. మన గాలిలో నీటి ఆవిరి మైక్రోవేవ్‌లని మింగేస్తుంది, పైగా తనూ వెదజల్లుతుంది. పైకెళ్తే ఆ బాధ లేదు, ఆకాశం మొత్తం చూడొచ్చు.

జవాబు 2: కరెక్ట్. 1989లో వెళ్లిన కోబీ భూమి చుట్టూనే తిరిగింది, 2001లో డబ్ల్యూమ్యాప్, 2009లో ప్లాంక్ మాత్రం భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడికి అవతలి వైపున్న ఎల్2 అనే చోటు దగ్గరికి వెళ్లాయి, అక్కడైతే సూర్యుడూ భూమీ ఒకే వైపు ఉంటాయి, వాటికి వీపు పెట్టి చూడొచ్చు. ప్లాంక్‌లో కొన్ని డిటెక్టర్లని 0.1 కెల్విన్ దాకా చల్లబరిచారు, నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్సండి. మరి మన గెలాక్సీ ధూళి అడ్డురాదా?

జవాబు 2: వస్తుంది, అందుకే ప్లాంక్ 9 ఫ్రీక్వెన్సీల్లో చూసింది. ధూళి ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఒక్కోలా కనిపిస్తుంది, దాన్ని బట్టి విడదీసి తీసేస్తారు.